పద్నాలుగో పేజీలో ఉమారాణి

"గౌరవనీయ రైతు మిత్రమా" అని మొదలయ్యే ఉత్తరం ఏది చూసినా ఇప్పుడు నాకు ఒళ్లు మండుతుంది. పది నెలల్లో అలాంటివి ఇరవై మూడు వచ్చాయి. చివరిది తప్ప అన్నీ ఉమారాణి అక్కకు వచ్చినవే, చదివి చెప్పింది మాత్రం నేను. నా పేరు శ్రవణ్ కుమార్. గద్వాల పాత బస్టాండు దగ్గర జిరాక్సు, ఆన్‌లైను దుకాణం నడుపుతాను. కుల ధ్రువీకరణ కావాలన్నా, పంట నమోదు చేయాలన్నా, పిల్లల ఫీజు కట్టాలన్నా జనం నా దగ్గరికి వస్తారు. అక్కది, నాది వడ్డేపల్లి మండలంలో ఒకే ఊరు, ఒకే వాడ. అందుకని ఫోనులో ఏ చిక్కొచ్చినా ఆమె బస్సెక్కి నేరుగా నా దుకాణానికే వస్తుంది.

ఆమెకు నలభై రెండేళ్లు. ఇంటర్ మొదటి సంవత్సరంతో చదువు ఆగిపోయింది. భర్త ఈరన్నకు రెండెకరాల సొంత భూమి, ఇంకో రెండు కౌలు. సగంలో వేరుశనగ, సగంలో సీడు పత్తి వేస్తారు. సీడు పత్తి అంటే దూది కోసం కాదు, విత్తనం కోసం పెంచేది. సాయంత్రం మొగ్గను గిల్లి దాని సొంత పుప్పొడి తీసేయాలి, మర్నాడు పొద్దున మగ చెట్టు పువ్వు తెచ్చి దాని మీద రుద్దాలి. రోజూ, ప్రతి చెట్టుకూ, రెండు నెలలు. మా వైపు దాన్ని క్రాసింగు అంటారు. ఉమారాణి అక్క చెయ్యి పడిన మొగ్గ రాలదని ఊళ్లో పేరుంది. అంత పేరున్న మనిషిని ఇంట్లో సలహా అడిగేవాళ్లు లేరు. ఏ మందు కొట్టాలో ఈరన్న దుకాణంవాడిని అడిగేవాడు, పక్క చేనువాడిని అడిగేవాడు, మందు డబ్బాలు తెచ్చిన ఆటో డ్రైవరును కూడా అడిగేవాడు. పక్కన నడుస్తున్న పెళ్లాన్ని అడగాలని మాత్రం ఆయనకు తోచేది కాదు.

2020లో ఊళ్లోకి చేనుచావడి అనే యాప్ వచ్చింది. చేలో ఏం తెగులొచ్చినా ఫొటో తీసి అందులో పెడితే, తెలిసినవాళ్లు కింద జవాబు రాస్తారు. అక్కకు ఖాతా తెరిచింది నేనే. "నిబంధనలన్నీ చదివి అంగీకరిస్తున్నాను" అన్న చోట టిక్కు పెట్టిందీ నేనే. ఆ నిబంధనలు పదిహేడు పేజీలు. చదివానని అబద్ధం చెప్పను.

మొదటి జవాబు ఆమె భయపడుతూ రాసింది. నాగర్‌కర్నూల్ దగ్గరి రైతు ఒకాయన వేరుశనగ ఆకు పచ్చబడిందని అడిగితే, నీళ్లు ఎక్కువయ్యాయి, వారం రోజులు ఆపి చూడమంది. పది రోజులకు ఆయన, "ఉమారాణి గారూ, మీరు చెప్పినట్టే చేశాను, చేను తేరుకుంది" అని రాశాడు. అది పట్టుకుని అక్క నా దుకాణానికి వచ్చింది. ఆ రోజు ఆమెకు నాతో వేరే పనేమీ లేదు.

ఇక ఆగింది లేదు. పొద్దున క్రాసింగు అయిపోయాక సాయంత్రం మొగ్గలు గిల్లేదాకా నడుమ కొంత ఖాళీ ఉంటుంది. మిగతా ఆడవాళ్లు కాసేపు నడుం వాల్చేవాళ్లు. అక్క గట్టు మీద కూర్చుని, పుప్పొడి అంటిన వేళ్లతోనే జవాబులు రాసేది. నాలుగేళ్లలో పదకొండు వందల నలభై జవాబులు. ఆమె పేరు పక్కన యాప్‌వాళ్లు పసుపు నక్షత్రం పెట్టారు. ఒక్క రూపాయి ఇవ్వలేదు, ఆమె అడగనూ లేదు. విడిగా ఏ పుస్తకంలోనూ రాసుకోలేదు. ఏదైనా తనకే గుర్తు రాకపోతే యాప్ తెరిచి తన జవాబు తనే వెతుక్కునేది.

ఆ పదకొండు వందల నలభైలో ఒకటి మూత గురించి.

మా చేలల్లో కొలగ్లాసు అన్నది ఉండదు. సీసాతో ఇస్తారు, మొదటి రోజే అది మట్టిలో కలిసిపోతుంది. మందును మూతతో కొలుస్తాం. ట్యాంకుకు మూతెడు, ట్యాంకుకు రెండు మూతలు, ఇదే మా లెక్క. మా నాన్నదీ అదే లెక్క, నా బావమరిదిదీ అదే. సీడు పత్తి మరీ ఎత్తు పెరిగితే క్రాసింగుకు చెయ్యి అందదు, కాయ కూడా తక్కువ పడుతుంది. అందుకని చెట్టు నడుము దాకా వచ్చేసరికి పెరుగుదల ఆపే మందు ఒకటి కొడతారు. అది ఎంత కొట్టాలని 2022లో ఎవరో అడిగారు. "ట్యాంకుకు మూతెడు చాలు" అని అక్క రాసింది. అప్పటికి అది సరైన మాటే. చాలామంది మెచ్చుకున్నారు. యాప్‌వాళ్లు దానికి "ఉత్తమ సమాధానం" అని ముద్ర కూడా వేశారు.

మరుసటి ఏడు ఆ మందు సీసా మారింది. వెడల్పు నోరు, దానికి తగ్గ పెద్ద మూత. పాత మూతకు రెండింతలు పడుతుంది. అక్క గమనించలేదు. అలవాటైన చేత్తో మూతెడు పోసింది. వారానికల్లా అర ఎకరంలో చెట్లు గిడసబారిపోయాయి, మొగ్గలు రాలిపోయాయి. ఎక్కడ తప్పు జరిగిందో ఆమెకు అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది. అర్థమైన రోజునే యాప్ తెరిచి, ఆ జవాబు మార్చబోయింది. ఇరవై నాలుగు గంటలు దాటిన జవాబును మార్చడం కుదరదని వచ్చింది. సరేనని దాని కిందనే వ్యాఖ్య రాసింది. "నేను పైన రాసింది నమ్మకండి. సీసా మారింది, మూత మారింది. మూతెడు పోసి నా చేనే చెడగొట్టుకున్న. సీసా మీద ఎంతని ఉన్నదో చూసి కొలగ్లాసుతోనే పోయండి." తన చేను ఫొటో కూడా పెట్టింది. తప్పు చేశానని నలుగురిలో రాసుకోవడానికి ఎంత గుండె కావాలో నాకు తెలుసు. మా దుకాణంలో తప్పు పడిన దరఖాస్తుకు నేనెప్పుడూ సర్వర్నే తిట్టాను.

అక్కడితో అయిపోవాల్సిన కథ.

2024 వానాకాలంలో చేనుచావడి వాళ్లు చిన్న పుస్తకం అచ్చేశారు. "ఉమారాణి అక్క చిట్కాలు." అట్ట మీద ఆమె ఫొటో, అదీ నాలుగేళ్ల కిందట నేను తీసిందే. లోపల ఆమె జవాబుల్లోంచి ఏరిన నలభై పేజీలు. విత్తనాల దుకాణాల్లో ప్యాకెట్టుతో పాటు ఊరికే ఇచ్చారు. ఆమెను అడగలేదు, చెప్పలేదు. వాళ్ల దృష్టిలో అడగాల్సిన అవసరం లేదు. పుస్తకం సంగతి అక్కకు ఊళ్లోవాళ్లు చెబితే తెలిసింది. మొదట సంతోషపడిందనే చెప్పాలి. ఈరన్న ఆ పుస్తకాన్ని రెండు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాడు.

పద్నాలుగో పేజీలో ఉంది, "ట్యాంకుకు మూతెడు చాలు." కింద రాసిన వ్యాఖ్య లేదు. ఏరినవాళ్లు ముద్ర ఉన్న జవాబు తీసుకుని కింది మాట వదిలేశారు. అక్క అంత లోపలికి చదవలేదు. సంతోషంలో ఉన్న మనిషి తన పుస్తకంలో తప్పులు వెతుకుతుందా?

సెప్టెంబరులో ఒక ఉదయం అక్క ఇంటికి కాంతమ్మ అనే ఆమె వచ్చింది. పక్క ఊరు. ఆమె, ఆమె భర్త దేవరాజు పదేళ్లు పుణెలో కూలి పనులు చేసి, ఇక పోవద్దని తిరిగొచ్చి, మొదటిసారి ఎకరం కౌలుకు తీసుకుని సీడు పత్తి వేశారు. తాతల కాలం నుంచీ వాళ్లింట్లో అందరిదీ పరుల చేలల్లో కూలి పనే. తమదని చెప్పుకునే పంట వాళ్లకదే మొదటిది. చెప్పేవాళ్లు లేక, పుస్తకం చూసి చేశారు. అక్క నాకు తర్వాత చెప్పింది, కాంతమ్మ అరవలేదట, తిట్టలేదట. చెప్పులు బయట విడిచి లోపలికొచ్చి, పద్నాలుగో పేజీ తెరిచి చూపించి, "గిది నువ్వే రాసినవా అక్కా?" అని మాత్రం అడిగిందట.

"నేనే రాసిన" అంది అక్క.

కింద సరిదిద్దిన మాట సంగతి ఎందుకు చెప్పలేదని నేను తర్వాత కోప్పడ్డాను. కాంతమ్మ చదివింది పైమాటే కదా, కిందిమాట చెప్పి ఆమెకేం లాభం అంది అక్క. ఆ రోజే కాంతమ్మతో పోయి చేను చూసొచ్చింది. ఎకరంలో ముప్పాతిక భాగం చెట్లు నడుమెత్తు దగ్గరే ఆగిపోయి, ఆకులు ముడుచుకుని ఉన్నాయి. దసరాకు ముందే దేవరాజు మళ్లీ పుణె బస్సెక్కాడు.

అప్పటి నుంచి అక్కకు ఒకటే పట్టుదల. వచ్చే వానాకాలం చెట్టు నడుము దాకా వచ్చేలోపు ఆ మాట పుస్తకంలోంచి, యాప్‌లోంచి పోవాలి. ఆమె కోరింది అంతే. నష్టపరిహారం అడగలేదు, క్షమాపణ అడగలేదు.

మొదటి ఉత్తరం నేనే టైపు చేశాను. "గౌరవనీయ రైతు మిత్రమా, మీ అభిప్రాయం మాకెంతో విలువైనది" అని జవాబు. రెండోది, మూడోది కూడా అదే. నాలుగోసారి మనిషి రాసినట్టున్న ఉత్తరం వచ్చింది. దాని సారం చెబుతాను. మీరు రాసినవాటి మీద హక్కు పూర్తిగా మీదే. అయితే వాటిని వాడుకోవడానికి, మార్చడానికి, కుదించడానికి, అచ్చు వేయడానికి ఎప్పటికీ రద్దు కాని అనుమతిని మీరు చేరిన రోజే మాకు ఇచ్చారు, కాబట్టి తొలగించడం కుదరదు. నేను రెండుసార్లు చదివి వినిపించాను.

"నాదే అంటుండ్రు గదా, మరి నేను తీసెయ్యమంటె తియ్యరేంది?" అని అడిగింది అక్క. పదిహేడు పేజీల నిబంధనలూ ఆ రోజు మొదటిసారి చదివాను. అంతా అందులో ఉంది. నేను టిక్కు పెట్టిన దాంట్లో.

జనవరిలో పుస్తకం రెండో ముద్రణ వస్తుందని ప్రకటించారు. ఈసారి మూడు జిల్లాల్లో పంచుతారట. అక్క వాట్సాప్ గుంపుల్లో పెట్టింది, ఆ పేజీ నమ్మవద్దని. "అచ్చయిన పుస్తకంలో ఉంది కదమ్మా" అని ఆ పేజీ ఫొటోనే ఆమెకు తిరిగి పంపారు. గద్వాలలో నాలుగు విత్తనాల దుకాణాలకు పోయి చెప్పింది. ఒకాయన మర్యాదగా విన్నాడు. మిగతావాళ్లు యాప్ కంపెనీకి చెప్పుకోమన్నారు. పుస్తకం మీద పెన్నుతో ఆ వాక్యం కొట్టేస్తానంటే, కంపెనీ సొత్తు మీద గీతలు పెట్టొద్దన్నారు. తన ముఖం అచ్చేసిన పుస్తకం మీద!

ఇక్కడ నా సంగతి చెప్పాలి. చెప్పకుండా దాటేయాలనే ఉంది.

ఫిబ్రవరిలో నాకు ఓపిక నశించింది. "అక్కా, ఖాతానే తీసేద్దాం. మనిషే లేకపోతే రాతలెక్కడుంటాయి?" అన్నాను. ఆమె సందేహించింది. నాలుగేళ్ల రాతలు కదా అంది. పోతే పోనీ, ఆ ఒక్కటి పోవడం ముఖ్యం కదా అన్నాను. చివరకు సరేనంది. ఆమె ముందే మీట నొక్కాను. నొక్కే ముందు తెర మీద నాలుగు వరుసలు వచ్చాయి. దినమంతా వేరేవాళ్లకు "చదివి సంతకం పెట్టండి" అని చెప్పే నేను, చదవలేదు.

ఆ నాలుగు వరుసల్లో ఉన్నదేమిటంటే, ఖాతా తీసేస్తే మీ వ్యక్తిగత వివరాలు, మీ వ్యాఖ్యలు తొలగిపోతాయి, మీరిచ్చిన సమాధానాలు మాత్రం మీ పేరుతోనే అందరి మేలు కోసం కొనసాగుతాయి అని. మర్నాడు నా ఫోనులో చూశాను. "ట్యాంకుకు మూతెడు చాలు" అలాగే ఉంది. కింద అక్క సరిదిద్దిన మాట లేదు. చేను ఫొటో లేదు. తప్పు మిగిలింది, దిద్దుబాటును నా చేత్తో నేనే చెరిపేశాను.

అక్కకు చెప్పడానికి మూడు రోజులు పట్టింది. విని, తిరుగు బస్సు ఎప్పుడని అడిగింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఏప్రిల్లో ఇద్దరం వనపర్తి పోయాం. అక్కడ పద్మజ గారని ఒక వకీలు. నా దుకాణానికి వచ్చే ఒకాయన చెబితే పోయాం. ఆమె ఓపికగా అన్నీ చదివింది. ఉమారాణి రాసింది ఉమారాణి రచనేనని, వాడుకునే అనుమతి ఇచ్చినా సరే, రచయిత పేరు చెడేలా దాన్ని కోసి వాడితే అభ్యంతరం చెప్పే ప్రత్యేక హక్కు కాపీరైటు చట్టంలో ఉందని చెప్పింది. నాకు లేచి నిలబడాలనిపించింది. ఇన్ని నెలల్లో మాకు అనుకూలంగా వచ్చిన మొదటి మాట అది. కానీ పద్మజ గారు అంతటితో ఆగలేదు. నోటీసు పంపుదాం, జవాబు సరిగా రాకపోతే కేసు వేద్దాం, అయితే వాళ్ల నిబంధనల్లో కేసులు బెంగళూరులోనే వేయాలని రాసుకున్నారు, ముందు దాని మీదే వాదించాలి, ఎన్నేళ్లు పడుతుందో చెప్పలేను అంది.

"మేడం, ఆగస్టుల చెట్టు నడుముకాడికి వస్తది" అంది అక్క. "గప్పటికి అయితదా?"

పద్మజ గారు కాగితం తీసుకుని నోటీసు రాయడం మొదలుపెట్టింది. దానికి ఆమె ఫీజు తీసుకోలేదు.

నోటీసుకు జూన్‌లో జవాబొచ్చింది. ఈసారి గౌరవనీయ రైతు మిత్రమా కూడా లేదు. ఉమారాణి అనే సభ్యురాలు తన ఇష్టంతో ఖాతా తొలగించుకున్నారు, ఆమె వివరాలేవీ ప్రస్తుతం మా వద్ద లేవు, కాబట్టి నోటీసు పంపిన వ్యక్తే ఆ రచయిత్రి అని మేము నిర్ధారించలేము. ఆధార్ కార్డు పంపాం. ఏ ఖాతాతో పోల్చి చూడాలని అడిగారు.

అప్పటికి విత్తనాలు పడ్డాయి. ఖిల్లా ఘణపూర్ వైపు, నాగర్‌కర్నూల్ వైపు కూడా రెండో ముద్రణ చేరిందని తెలిసింది. జూలైలో అక్క పేరు మీదే కొత్త ఖాతా తెరిచాను. ఈసారి నిబంధనలు చివరి అక్షరం దాకా చదివాను. ముందు పాత జవాబు రాసి, దాని కింద అది ఎందుకు తప్పో రాసి పెట్టాం. గంటలో పోయింది. "ఈ సమాచారం మా ప్రచురణ 'ఉమారాణి అక్క చిట్కాలు' నుంచి అనుమతి లేకుండా తీసుకున్నది. కాపీ హక్కుల నియమాన్ని అనుసరించి తొలగించాం." రెండోసారి పాత మాట ఎత్తకుండా, నేనే ఉమారాణిని అని ఫొటోతో పెట్టింది. ఇతరుల పేరు, ఫొటో వాడుకుంటున్నారని ఖాతానే మూసేశారు.

ఆ రోజు నేను ఫోను బల్ల మీద విసిరేశాను. తెర పగిలింది. అది నా ఫోనే. అక్క పగిలిన ఫోను తీసి నా చేతిలో పెట్టి, "నువ్వు పరేషాన్ గాకు తమ్మీ, వేరే ఉపాయం సూద్దాం" అంది. ఏం ఉపాయమో అప్పుడు చెప్పలేదు.

జూలై ఆఖరి వారం ఒక పొద్దున కాంతమ్మను వెంటబెట్టుకుని దుకాణానికి వచ్చింది. కాంతమ్మ ఆ ఏడు అక్క చేలోనే కూలికి వస్తోంది. కాంతమ్మ పేరు మీద ఖాతా తెరవమంది. తెరిచాను. దేవరాజు పుణె పోకముందు తీసిన చేను ఫొటోలు కాంతమ్మ ఫోనులో ఉన్నాయి, గిడసబారిన చెట్లు, రాలిన మొగ్గలు. అవి పెట్టమంది. పెట్టాను. అప్పుడు తను చెబుతుంటే నన్ను టైపు చేయమంది.

"నా పేరు కాంతమ్మ. ఉమారాణి అక్క చిట్కాలు పుస్తకం పద్నాలుగో పేజీ చూసి మూతెడు మందు కొట్టినం. మా చేను పోయింది. ఉమారాణి మాట నమ్మి మేం మోసపోయినం. ఆ మాట ఎవ్వరు వినకండి. ఆ పుస్తకం చూసి మందు కొట్టకండి."

కాంతమ్మకు మొదట అర్థం కాలేదు. నేను మళ్లీ చదివి వినిపించాక ఆమె కుర్చీలోంచి లేచింది.

"నీ మీద నేనెట్ల రాస్త అక్కా? నువ్వేం జేసినవ్? గిది నాతోటి గాదు."

"అండ్ల అబద్ధం ఏమున్నది? నా మాట ఇని కొట్టినవ్. చేను పోయింది" అంది అక్క. "మంచిగ అడిగితె పది నెలలు తియ్యకపాయె. నా పేరు చెడగొడితె తీస్తరు."

పేరు తీసేసి రాద్దామని నేనన్నాను. పేరు లేకపోతే ఎవరూ పట్టించుకోరని, పుస్తకం నడిచేది ఆ పేరు మీదే కదా అని అంది. ఆమె చెప్పింది నిజమని నాకు తెలుసు. తెలిసి కూడా ఒప్పుకోవాలనిపించలేదు. కాంతమ్మ కళ్లు తుడుచుకుని మళ్లీ కూర్చుంది. చివరకు పంపే మీట నన్ను నొక్కమనలేదు అక్క. కాంతమ్మ వేలు తనే పట్టుకుని నొక్కించింది.

ఇది పోలేదు. తీసేయడానికి వాళ్లకు నియమం ఏదీ దొరకలేదు మరి. రాసింది కాంతమ్మ, ఫొటోలు కాంతమ్మవి, నష్టం కాంతమ్మది. సాయంత్రానికి నాలుగు వందల మంది చూశారు. మర్నాటికి వేలల్లో. కింద తిట్లు మొదలయ్యాయి. ఎవరీ ఉమారాణి, కంపెనీ దగ్గర ఎంత తిన్నది, పొయ్యి దగ్గర ఉండాల్సినవాళ్లకు ఎవుసం సలహాలెందుకు, మా జిల్లాకొస్తే చెప్పండి చూస్తాం. ఇంకా రాయకూడనివి. అక్క నాలుగేళ్లు జవాబులు చెప్పినవాళ్లు కూడా కొందరున్నారు అందులో. ఊళ్లోకీ పాకింది. ఈరన్న జేబులోంచి పుస్తకం ఎప్పుడో పోయింది, ఇప్పుడు మనిషి కూడా నాలుగు రోజులు చాయ్ హోటల్ వైపు పోలేదు. కింద నేను నిజం రాయబోయాను. అక్క వద్దంది. నిజం రాస్తే పుస్తకం మంచిదేనని మళ్లీ చదువుతారు, మందు కొట్టే రోజులు దాటిపోనీ అంది.

నాలుగో రోజు మధ్యాహ్నం కాంతమ్మ ఫోనుకు సందేశం వచ్చింది. ఇద్దరూ దుకాణంలోనే ఉన్నారు. నేను చదివాను.

"గౌరవనీయ రైతు మిత్రమా, మీకు జరిగిన నష్టానికి చింతిస్తున్నాం. 'ఉమారాణి అక్క చిట్కాలు' పుస్తకాన్ని వెనక్కి తీసుకుంటున్నాం, పద్నాలుగో పేజీ పాటించవద్దని అందరికీ సందేశం పంపాం. సదరు సభ్యురాలి సమాధానాలన్నింటినీ శాశ్వతంగా తొలగించాం. బాధ్యత లేకుండా సలహాలు ఇచ్చేవారికి చేనుచావడిలో చోటు లేదు."

పది నెలల పాటు కుదరదన్నది నాలుగు రోజుల్లో కుదిరింది. అడిగింది రాసిన మనిషి అయితే కుదరలేదు. వాళ్ల పేరుకు దెబ్బ తగిలితే కుదిరింది. నాకు నోటికొచ్చినట్టు తిట్టాలనిపించింది, ఎదురుగా ఆడవాళ్లున్నారని ఊరుకున్నాను.

అక్క సందేశం మళ్లీ చదవమంది. చదివాను.

"అన్నీ అంటె? మూతది ఒక్కటే గాదా?"

యాప్ తెరిచి ఆమె పేరుతో వెతికాను. ఒక్కటీ రాలేదు. వేరుశనగ అని వెతికాను, క్రాసింగు అని వెతికాను. ఆమెవి ఏవీ లేవు. పదకొండు వందల ముప్పై తొమ్మిది మంచి జవాబులు కూడా పోయాయి. ఆమె దగ్గర ఎక్కడా రాసి లేవు. నేను తల ఎత్తకుండానే చెప్పాను.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. కాంతమ్మ ఏదో చెప్పబోతే చేత్తో ఆపింది.

"ఈ ఏడు ఇంకెవ్వరన్న కొట్టిర్రా, కొట్టి చెట్లు చెడిపోయినయని ఎవరన్న రాసిర్రా?" అని అడిగింది.

లేదన్నాను. చూశాను, ఎవరూ రాయలేదు.

"మంచిగ సూడు తమ్మీ."

మళ్లీ చూశాను. ఆమెకు తెర కనిపించేలా ఫోను తిప్పి, ఒక్కొక్కటే కిందికి జరుపుతూ పోయాను. అన్నీ ఆమెను తిట్టినవే. ప్రతి తిట్టూ నిదానంగా చదివింది, అందులో ఎవరి చేనైనా పోయిందేమోనని వెతుక్కుంటూ.